గచ్చు గట్టిపడుట వేరు, ఆరుట వేరు

బుక్కపట్నములో ఒక క్రొత్త ఇల్లు కట్టుచున్నారనుకొనుడు. గోడలు లేచినవి, మిద్దె పడినది, తలుపులు నిలిచినవి. పురోహితుడు గృహప్రవేశమునకు ముహూర్తము వ్రాసి యిచ్చినాడు. ధర్మవరమునకు, పెనుకొండకు, హిందూపురమునకు బంధువులకు కబురు పోయినది. ఇక మిగిలినది నేల యొక్కటే. మేస్త్రి ఉదయమున సిమెంటు గచ్చు పోసి, సాయంకాలమునకు నునుపుగా రుద్ది, చేతులు కడుగుకొన్నాడు. నాటి నుండి ఇంటిల్లిపాది అడుగు ప్రశ్న ఒక్కటే: గచ్చు ఎప్పుడు ఆరును? మేస్త్రి సమాధానము కూడ సిద్ధముగనే యుండును: "ఏం భయంలేదు సామీ, ఎండ బాగా కాస్తాంది, రెండు దినాల్లో ఆరిపోతాది."

ఆ మాటలో మంచితనము ఉన్నది కాని, ఒక పెద్ద పొరపాటు కూడ ఉన్నది. "ఆరుట" అను ఒక్క మాటతో మనము రెండు వేర్వేరు పనులను చెప్పుచున్నాము. గచ్చు గట్టిపడుట యొక పని. గచ్చులో మిగిలిన నీరు వెలికి పోవుట మరియొక పని. మొదటి దానికి నీరు కావలెను. రెండవ దానికి నీరు పోవలెను. మొదటిది ముగియక మునుపే రెండవదానిని తొందరపెట్టినచో నేల జీవితకాలము రోగిష్ఠిగా నుండును. రెండవది ముగియక మునుపే నేలను కప్పివేసినచో ఆ తడి ఇంటిలోని వస్తువులను పట్టుకొనును. ఈ రెండింటి వరుసను గూర్చియే ఈనాటి ప్రసంగము.

మట్టిముద్ద ఎండిన గట్టిపడును. అందులోని నీరు పోవుటయే దాని గట్టిదనమునకు కారణము. మరల నీరు పోసిన అది మరల మెత్తబడును. సిమెంటు అట్టిది కాదు. సిమెంటు రేణువులు నీటితో రసాయనిక సంయోగము పొంది, కంటికి కానరాని సన్నని పోగుల వంటి పదార్థముగ మారి, ఇసుకను కంకరను పెనవేసికొనును. ఇది నీటిని విడిచి కాదు, నీటిని తనలో కలుపుకొని గట్టిపడును. అందుచేతనే సిమెంటు నీటి అడుగున కూడ బిగియును. వంతెన స్తంభములు, ఆనకట్టల పునాదులు నీటిలో నిలుచుట ఈ గుణము వలననే. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ అను తాపీపనివాడు 1824లో ఇట్టి పొడికి హక్కుపత్రము పొంది, దానికి పోర్ట్‌లాండు సిమెంటు అని పేరు పెట్టెను.

50 కిలోల సిమెంటు బస్తా పూర్తిగ సంయోగము పొందుటకు సుమారు 12 కిలోల నీరు దానితో ఏకమైపోవును. మరి తొమ్మిది పది కిలోల నీరు ఆ క్రొత్త పదార్థపు సూక్ష్మరంధ్రములలో నిలిచియుండవలెను. మేస్త్రి పని సులువగుటకు ఇంతకంటె ఎక్కువయే పోయును. ఆ అదనపు నీరే తరువాత ఆరిపోవలసినది. కాని ఎండకు, గాలికి ఏ నీరు అవసరము, ఏది అదనము అను విచక్షణ లేదు గదా! గచ్చు పైపొరలో నుండి అందిన నీటినెల్ల అవి పీల్చివేయును. సిమెంటు లోపలి రంధ్రములలో తేమ నూటికి 80 పాళ్ళకంటె తగ్గగానే ఈ సంయోగము దాదాపు నిలిచిపోవును. చూచుటకు నేల గట్టిగనే కనిపించును. కాని ఆ గట్టిదనము సగములో ఆగిన గట్టిదనము.

మన పెద్దలు ఈ సంగతిని సున్నపు గచ్చులో వేరు విధముగ ఎరిగియుండిరి. గానుగలో నూరిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగ గ్రహించి మరల రాయిగ మారును. ఆ పనికి నెలలు పట్టును. కాబట్టి గచ్చును దినముల తరబడి కొట్టుచు, తడుపుచు, నునుపు చేయుచుండిరి. తొందర అను మాటకు అక్కడ తావు లేకుండెను. సిమెంటు వచ్చిన తరువాత ఒక్క సాయంకాలములో నేల బిగియుట చూచి, పని అయిపోయినదని మనము భ్రమపడినాము. బిగియుట ఆరంభమే గాని అంతము కాదు.

ఇక మన సీమ సంగతి చూతము. విజయనగర ప్రభువైన బుక్కరాయల పేర వెలసినది బుక్కపట్నము. ఊరికి పెద్ద చెరువున్నది, ప్రక్కన చిత్రావతి యున్నది. అయినను ఈ ప్రాంతము వర్షచ్ఛాయలోనిది. పూర్వపు అనంతపురము జిల్లాలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేసవిలో ఎండ 40 డిగ్రీలకు చేరును. కోస్తా జిల్లాలలోని ఉక్కపోత ఇచట లేదు, ఇచటిది పొడి ఎండ. దానికి తోడు గాలి. ధర్మవరము దాటిన రామగిరి కొండలపై గాలిమరలను నిలిపినారన్న ఈ సీమ గాలి ఎంతటిదో ఊహించుకొనవచ్చును. ఎండ, పొడితనము, గాలి ఈ మూడును కలిసినచోట చదరపు మీటరు నేలనుండి గంటకు ఒక కిలోకు మించి నీరు ఆవిరియగుట సంభవము. ఆ హద్దు దాటినప్పుడు తడి గచ్చుపై బీటలు పడు ప్రమాదము హెచ్చునని ఇంజనీర్లు చెప్పుదురు. మేస్త్రి తాపీ ఎత్తకముందే అవి కనిపించవచ్చును.

బీటలతోనే కథ ముగియదు. పైపొర ముందుగ ఎండి ముడుచుకొనును. అడుగుపొర ఇంకను తడిగ నుండును. అప్పుడు గచ్చు అంచులు, మూలలు ఎండిన ఆకువలె పైకి లేచును. అడుగున ఖాళీ ఏర్పడును. కఱ్ఱతో తట్టిన డొల్ల శబ్దము వచ్చును. అట్టి చోట మంచపు కోడు పడినను పగులును. అంతియే కాదు, సంయోగము నిలిచిపోయిన పైపొర పొడిపొడిగ రాలును. ఎంత ఊడ్చినను దినదినము తెల్లని దుమ్ము వచ్చుచున్నదని గృహిణులు విసుగుకొను గచ్చులలో పెక్కింటికి కారణమిదియే. నేల పాడైనది చీపురుచేత కాదు, మొదటివారపు ఎండచేత.

ఇప్పుడు మన సీమకు పూర్తిగ విరుద్ధమైన దేశమును తలచుకొందము. దానికొరకు చాల దూరము పోనక్కరలేదు. పెనుకొండ మండలములో ఎర్రమంచి వద్ద కొరియా దేశపు కియా సంస్థవారి కార్ల కర్మాగారము ఉన్నది. 2019 నుండి అందు కార్లు తయారగుచున్నవి. ఆ కర్మాగారము మూలమున కొరియావారు పలువురు మన సీమకు వచ్చిరి. వారి దేశములో చలికాలమున నీరు గడ్డకట్టును. అందుచేత వారు అనాదిగ నేలనే వేడిచేసికొని, ఆ నేలపైననే కూర్చుండి, పరుండు అలవాటు చేసికొనిరి. ఆ ఏర్పాటును వారు ఒండోల్ అందురు. వంటింటి పొయ్యి పొగ బయటికి పోవుటకు ముందు గది నేలక్రింది దారులగుండ ప్రాకును. ఆ దారులపై రాతిపలకలు, పలకలపై మట్టి మెత్తుట, మట్టిపై నూనె పట్టించిన కాగితము. పొయ్యి ఒక్కటే అయినను వంటయు అగును, నేలయు వెచ్చబడును.

అట్టి యింటిలో నేల బీట యిచ్చుట కేవలము అందమునకు సంబంధించిన లోపము కాదు. ఇరువదవ శతాబ్దములో కట్టెలకు బదులు బొగ్గుపొడితో చేసిన బిళ్ళలు కాల్చు రోజులు వచ్చినవి. బొగ్గు సరిగ కాలనప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. అది నేల బీటలలో నుండి గదిలోనికి వచ్చి, నిద్రించుచున్నవారిని నిద్రలోనే బలిగొనుచుండెను. కొరియాలో ఆనాటి చలికాలములందు ఇట్టి మరణములు దేశమంతటిని కలచివేసిన దుఃఖములు. నేడు అక్కడి ఇండ్లలో పొగదారులకు బదులు వేడినీటి గొట్టములు వచ్చినవి. గొట్టములను నేలపై పాములవలె చుట్టలుగ పరచి, వానిపై సిమెంటు గచ్చు పోయుదురు. జర్మనీ, స్వీడను మున్నగు ఐరోపా దేశములందును ఈ పద్ధతి వ్యాపించినది. ఉద్యోగములకై వెళ్ళిన మన పిల్లలు కొందరు అట్టి ఇండ్లలో కాపురము చేయుచున్నారు.

ఈ గొట్టముల గచ్చు మనకేల యందురా? అందులో మనకు కావలసిన పాఠము ఉన్నది. గచ్చు పోసినవారి చేతిలోనే దానిని ఆరబెట్టు యంత్రము కూడ ఉన్నది. కుళాయి త్రిప్పిన చాలును, వేడినీరు గచ్చు క్రింద ప్రవహించును. బయట మంచు పడుచున్నది, ఇంటివారు తొందరపడుచున్నారు. అయినను వారు ఆ కుళాయిని వెంటనే త్రిప్పరు. సిమెంటు గచ్చు అయినచో పోసిన 21 దినముల వరకు వేడి పెట్టరాదని ఐరోపావారి ప్రమాణము చెప్పుచున్నది. జిప్సము జాతి గచ్చునకు 7 దినములు చాలును. ఆ పిదపనైనను ఒక్కసారిగ కాచరు. మొదట 20 నుండి 25 డిగ్రీల నీటిని మూడు దినములు పోనిచ్చెదరు. తరువాత మెల్లగ పెంచి, ఆ యింటికి నిర్ణయించిన పైహద్దు వేడిమివద్ద కనీసము నాలుగు దినములు నిలిపెదరు. ఆపునప్పుడును క్రమముగనే తగ్గించెదరు. కిటికీలు తెరచి ఆవిరిని పోనిచ్చెదరు. తలుపులన్నియు మూసి కాచినచో ఆవిరి ఎక్కడికి పోవును? గోడలకు, కప్పునకు పట్టి మరల దిగును.

తుదకు నేల ఆరినదో లేదో చేతితో తాకి తేల్చరు. గచ్చులోతునుండి ఒక ముక్క తీసి, పొడిచేసి, ఉక్కు గుండ్లతోను కాల్షియం కార్బైడు బుడ్డితోను ఒక ఇనుప సీసాలో బిగించి ఊపుదురు. పొడిలోని తేమ కార్బైడుతో కలిసి వాయువు పుట్టించును. ఆ వాయువు ఒత్తిడిని సీసా మూతకున్న ముల్లు చూపును. సిమెంటు గచ్చులో తేమ ఈ కొలతలో నూటికి 2 పాళ్ళకు, క్రింద వేడిగొట్టములున్నచో 1.8 పాళ్ళకు దిగినగాని చెక్కనేలను పరచరు.

చలిదేశమువారు వేడి చేతిలో నుండియు మూడు వారములు ఆగుదురు. మనకో, వేడి మొదటి గంటనుండియే తలపైనున్నది. దానిని త్రిప్పి ఆపుటకు కుళాయి లేదు. అందుచేత ఆ కుళాయిని మనమే కల్పించుకొనవలెను. నీడ, తడిగోనె, నీరు ఈ మూడే మన కుళాయి.

ఆచరణలో చేయవలసినది ఇది. వేసవిలో గచ్చుపని తెల్లవారుజామున గాని, సాయంకాలమున గాని పెట్టుకొనవలెను. పోయుటకు ముందు అడుగునున్న కాంక్రీటును బాగుగ తడిపి, నిలిచిన నీటిని తుడిచివేయవలెను. పొడిగా నున్న అడుగు పైగచ్చు నీటిని త్రాగివేయును. గచ్చు పోయు గదికి కిటికీలు అమర్చనిచో గోనెపట్టాలు కట్టి ఎండను, గాలిని ఆపవలెను. మేస్త్రి రుద్దుట ముగిసి, నేల వ్రేలి ముద్ర పడనంతగ బిగిసిన పిదప తడిపిన గోనెసంచులు పరచవలెను. మరునాటినుండి మట్టితోగాని ఇసుకతోగాని చిన్న గట్లు పెట్టి మడివలె నీరు కట్టవచ్చును. భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 456, 2000 సంవత్సరపు ప్రతిలో, మామూలు సిమెంటునకు కనీసము 7 దినములు, వేడి పొడి వాతావరణములో కనీసము 10 దినములు తడి నిలుపవలెనని విధించినది. ఫ్లైయాష్ కలిపిన సిమెంటు నెమ్మదిగ గట్టిపడును. దానికి 14 దినములు మేలు. బస్తాపై ఏమి వ్రాసియున్నదో చదివి చూడుడు.

నీటి ఎద్దడిగల ఊరిలో ఇంత నీరెక్కడిదని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మూడు మీటర్ల చదరపు గదిలో అంగుళము లోతున నీరు కట్టుటకు సుమారు 225 లీటర్లు, అనగా పదునైదు బిందెలవరకు కావలెను. అది ఎండకు పోయిన కొలది మరల పోయవలెను. కాని తడిగోనెలపై ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులపై ఇటుకలు పెట్టినచో ఆవిరి బయటికి పోదు. దినమునకు ఒకటి రెండు బిందెలతో గది యంతయు తడిగ నుండును. దినమునకు ఒకసారి ఎండలో నీరు చిలకరించి పోవుటకంటె ఇది ఎంతయో మేలు. తడియుట, ఎండుట, మరల తడియుట గచ్చునకు మంచిది కాదు. తడి ఎడతెగక యుండవలెను.

ఈ పది పదునాలుగు దినములు గడచిన పిమ్మటనే రెండవ పని, అనగా ఆరబెట్టుట, మొదలగును. గోనెలు, పట్టాలు తీసివేసి, కిటికీలు తెరచి, గాలి ఆడనీయవలెను. ఇప్పుడు ఎండయు గాలియు మనకు మిత్రులు. 50 మిల్లీమీటర్ల మందము వరకు గచ్చు ఒక్కొక్క మిల్లీమీటరునకు ఒక్కొక్క దినము చొప్పున ఆరునని చలిదేశములలో వాడు ఉజ్జాయింపు లెక్క. అంగుళమున్నర గచ్చునకు నలువది దినములు. మన వేసవిలో కొంత త్వరపడవచ్చును, వానకాలములో ఆలస్యము కావచ్చును. పైన పొడిగ నున్నదని మోసపోరాదు. పైపొర ఒక దినములో పొడియగును. అడుగునున్న నీరు సన్నని రంధ్రముల వెంట ప్రాకి రావలెను.

ఇంత కాలము ఆగవలసిన అవసరము అందరికిని లేదు. గచ్చునే నేలగ వాడుకొనువారు, ఎర్ర రంగు గచ్చు వేయించువారు, తాడిపత్రి బండలో బేతంచెర్ల బండలో సున్నములోనో సిమెంటులోనో పరచువారు గట్టిపడుటను సాగనిచ్చిన చాలును. తడి కాలక్రమమున బండల సందులనుండి పోవును. కాని ప్లాస్టిక్ పరుపు, చెక్కపలకలు, దళసరి రంగు, ఇట్టి గాలి దూరని కప్పు వేయువారు తప్పక ఆగవలెను. లేనిచో లోపలి తడి కప్పును ఉబ్బించి ఊడదీయును. పరీక్షకు ఒక సులభమైన ఉపాయము ఉన్నది. రెండడుగుల చదరపు ప్లాస్టిక్ పట్టాను నేలపై పరచి, నాలుగంచులను అంటుపట్టీతో మూసి, ఒకదినము వదలి తీయుడు. క్రిందివైపు నీటి చెమ్మ కనిపించినను, నేల రంగు నల్లబడినను ఇంకను ఆరలేదని గుర్తు. చెమ్మ కనిపించనిది మంచి సూచనయే గాని లోతునున్న తడికి అది పూర్తి సాక్ష్యము కాదు. ఖరీదైన చెక్క పరచువారు కార్బైడు పరీక్షయే చేయించుకొనవలెను.

మన సీమలో కప్పు వేయకున్నను నేలను కప్పు వస్తువు మరియొకటి ఉన్నది. అది వేరుశెనగ బస్తా. క్రొత్త యింటిలో అడుగుపెట్టగనే పంట బస్తాలను గదిలో నేలపై పేర్చుట పలువురి అలవాటు. తడి ఆరని గచ్చుపై బస్తా పెట్టినచో, అడుగునున్న కాయలు ఆ తడిని పీల్చుకొనును. గింజలో తేమ నూటికి ఏడెనిమిది పాళ్ళలో నుండవలెను. అది పెరిగినచో ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ అను బూజు పుట్టి, అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగ సీమకోళ్ళు చచ్చినప్పుడు, వాని మేతలో కలిపిన వేరుశెనగ పిండిలో ఈ విషము బయటపడినది. అది మనుష్యుల కాలేయమునకును హాని చేయును. కాచిన నూనెతోగాని, వేయించుటతోగాని పూర్తిగ పోదు. ఏడాది కష్టము ఒక మూలలోని తడిచేత అమ్ముడుపోని సరుకగుట ఎంత అన్యాయము! ధర్మవరపు నేతయిండ్లలో జరీ మూటలకును తడినేల శత్రువే. కాబట్టి నేల ఎట్లున్నను బస్తాలను చెక్కదిమ్మెలపై, గోడకు జానెడు ఎడముగ పేర్చుడు.

ఒక హెచ్చరిక మరువరాదు. ముహూర్తము దగ్గరపడినదని కొందరు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి గచ్చును ఆరబెట్టజూతురు. కొరియా ఇండ్లలో ప్రాణములు తీసిన విషవాయువే ఇచటను పుట్టును. ఆ గదిలో ఎవరును నిద్రింపరాదు, కాపలా ఉండరాదు. గచ్చునకును మేలు లేదు. బొగ్గుపులుసు వాయువు పచ్చి సిమెంటు పైపొరను పట్టి పొడిపొడిగ చేయును.

ఇక ముహూర్తము మాట. లెక్క వెనుకకు వేయుడు. గాలి దూరని కప్పు వేయదలచినచో, తడిపినవి పదునాలుగు దినములు, ఆరినవి నలువది దినములు, వెరసి రెండు మాసములు. వైశాఖములో గృహప్రవేశమైనచో ఫాల్గుణములో గచ్చు పడవలెను. వట్టి గచ్చునకైన ముహూర్తమునకు కనీసము పక్షము ముందు. పురోహితుని పిలిచిననాడే మేస్త్రిని కూడ పిలిచి, ఇద్దరి లెక్కలు ఒక్క కాగితముపై వ్రాసికొనుడు. రెండును కలియనిచో గచ్చునకు ఇయ్యవలసిన దినములను తగ్గించక, పురోహితునే మరియొక మంచిదినము చూడుమని అడుగుడు. పంచాంగములో శుభదినములకు కొదువ లేదు. అప్పు తెచ్చి పోసిన గచ్చును పగులగొట్టి మరల పోయుటకు మాత్రము మన ఇండ్లలో డబ్బు కొదువయే.